పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీయాలంటే: సీమ పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

చిత్రకళలో ఉపాధి గురించి సందేహాలుంటే రాయమని పోయిన సంచికలో అడిగాం. అనంతపురం, కర్నూలు, కడప వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పిల్లల బొమ్మల పుస్తకాల గురించే ఉన్నాయి. ఒకే తీరు ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. దేవుళ్లనూ సినిమా నటులనూ పెన్సిలుతో అచ్చు గుద్దినట్టు దించుతాను. పిల్లల పుస్తకాలకు వేయాలని ఉంది. ఇంకా ఏం నేర్చుకోవాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: చేతికి పట్టు వచ్చేసింది. అది చిన్న విషయం కాదు. అయితే పోలికలు దించడం వేరు, కథ నడపడం వేరు. పోలిక దించేటప్పుడు ఎదురుగా ఫోటో ఉంటుంది. పుస్తకంలో ఒకే పిల్లను ముందు నుంచి, వెనక నుంచి, పరుగెత్తుతూ, అలిగి మూల కూర్చుని, చీకట్లో నిద్రపోతూ ఇరవై సార్లు వేయాల్సి ఉంటుంది. ప్రతిసారీ అదే పిల్ల అనిపించాలి. దానికి ఫోటో ఎక్కడా దొరకదు.

ఇంకొకటి. ‘నాగి ఇల్లంతా వెతికింది. మేకపిల్ల కనబడలేదు’ అని రచయిత రాశారనుకుందాం. నాగి మంచం కింద తొంగిచూస్తున్నట్టు వేస్తే తప్పు లేదు గానీ, ఆ బొమ్మ లేకపోయినా కథకు వచ్చే నష్టమూ లేదు. అదే బొమ్మలో మిద్దె మీద ఆరబోసిన శనక్కాయల కుప్ప వెనక నుంచి రెండు చెవులు కనిపించాయంటే, ఒళ్లో కూర్చుని వింటున్న నాలుగేళ్ల బిడ్డ ‘అదో!’ అని పేజీ మీద వేలు పెడుతుంది. నాగికి తెలియంది తనకు తెలిసిందని దానికి సంబరం. రచయిత చెప్పకుండా వదిలిన చోటు ఎక్కడుందో వెతికి పట్టుకోవడమే ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద విద్య.

1947లో చందమామ మొదలైనప్పటి నుంచి కథ పక్కన బొమ్మ మనకు అలవాటే. పత్రికలో ఆ బొమ్మ ఒక ఘట్టాన్ని పట్టుకుంటే చాలు. బొమ్మల పుస్తకంలో పేజీ తిప్పడం కూడా కథలో భాగమే. తలుపు తడుతున్న చెయ్యి కుడి పేజీలో ఉండాలి. తలుపు తీసిందెవరో పేజీ తిప్పాకే తెలియాలి. రెండూ ఎదురెదురు పేజీల్లో పడితే పిల్లల కన్ను ముందే అక్కడికి పోతుంది.

అందుకని రంగుల జోలికి పోకముందు డమ్మీ, అంటే నమూనా పుస్తకం, చేయండి. నాలుగు ఏ4 కాగితాలు దొంతరగా పెట్టి, మధ్యకు మడిచి, మడత మీద రెండు పిన్నులు కొడితే 16 పేజీల పుస్తకం తయారు. ఎనిమిది కాగితాలైతే 32 పేజీలు. ఈ లెక్క ప్రెస్సు నుంచి వచ్చింది. పెద్ద షీటును మడిచి, సాధారణంగా 16 పేజీల ఫారంగా కోస్తారు. పిన్ను కొట్టే పుస్తకంలో పేజీల సంఖ్యను నాలుగుతో భాగిస్తే శేషం మిగలకూడదు. 16 పేజీల్లో మొదటిదీ చివరిదీ విడి పేజీలు, మధ్యలో ఏడు జంట పేజీలు. పేరు, ప్రచురణ వివరాలు ఒకటి రెండు పేజీలు తినేస్తాయి. మీ కథకు మిగిలేది అంతే.

మీ అవ్వ చెప్పిన ఒక కథ తీసుకుని, వాక్యాలు కత్తిరించి ఆ డమ్మీలో అంటించండి. తరువాత ఒక్కో జంట పేజీనీ అగ్గిపెట్టెంత గడిలో గీసి, అన్నీ ఒకే కాగితం మీద పక్కపక్కన చూసుకోండి. మొదటిసారి గీసినవాళ్లందరి దగ్గరా ఒకటే లోపం కనబడుతుంది: ప్రతి గడిలోనూ మనుషులు మధ్యలో నిలబడి, తల నుంచి పాదం దాకా ఒకే దూరంలో ఉంటారు. ఒక బొమ్మ మిద్దె మీద నుంచి కిందికి చూసినట్టు, ఒకటి మేకపిల్ల కంటి ఎత్తులో, ఒకటి చేను మొత్తం కనబడేంత దూరంలో వేసి చూడండి. గడులు పెద్దవి చేయకముందే ఈ మార్పులు జరగాలి. రంగులు వేశాక మార్చాలంటే ప్రాణం ఒప్పదు.

పాత్రకు ఒక విడి కాగితం పెట్టుకోండి. ముందు, పక్క, ముప్పావు, వెనక, అయిదారు ముఖ కవళికలు వేసి, తలకు ఎన్ని రెట్లు ఎత్తో గీతలు గీసి రాసుకోండి. అయిదేళ్ల పిల్ల నిజంగా అయిదారు తలల ఎత్తు ఉంటుంది. పుస్తకంలో మూడున్నర, నాలుగు తలలకు కుదించడం మామూలే. ఏదైనా సరే, పుస్తకమంతా ఒకటే ఉండాలి. గౌను మీద చుక్కలు వేస్తే ఎన్ని వరసలో కూడా రాసుకోండి. ఎడిటర్ పట్టుకోకపోయినా పిల్లలు పట్టుకుంటారు.

ప్రశ్న: మాది ధర్మవరం, మగ్గం నేస్తాం. మా పాప ఇంటర్ అయిపోయింది. బొమ్మల చదువే చదువుతానంటోంది. అట్లాంటి చదువు ఉందా? చదివితే అన్నం పెడుతుందా?
– ఒక తండ్రి

జవాబు: ఉందండీ, మీకు దగ్గర్లోనే. కడపలో 2020లో డాక్టర్ వైఎస్ఆర్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ పెట్టారు. ఇంటర్ తరువాత నాలుగేళ్ల బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఉంది. దానికి ఏడీసెట్ అనే ప్రవేశపరీక్ష రాయాలి. పుస్తకాల పనికి అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్ చదువులు దగ్గరవి.

అన్నం సంగతి ఉన్నదున్నట్టు చెబుతాం. ఏ ప్రచురణకర్తా పట్టా అడగరు, బొమ్మలు చూస్తారు. మొదటి రెండు మూడేళ్లు ఒక్క పుస్తకాల మీదే ఇల్లు గడవదు. వర్క్‌బుక్కులు, పత్రికలు, బడుల్లో డ్రాయింగ్ క్లాసులు తోడుండాలి. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పొచ్చు. చీర అంచుకు గ్రాఫు కాగితం మీద డిజైను గడులు నింపడం చూస్తూ పెరిగిన పిల్లకు రంగు పక్కన రంగు ఎట్లా నిలుస్తుందో, ఒక నమూనా మళ్లీ మళ్లీ ఎట్లా కలుస్తుందో తెలిసే ఉంటుంది. చాలామంది అది కాలేజీలో మొదలుపెట్టి నేర్చుకుంటారు.

ప్రశ్న: వాటర్ కలర్‌తో వేసిన నా బొమ్మలు స్కాన్ చేసి అచ్చు వేయిస్తే మురికిగా, వెలిసిపోయినట్టు వచ్చాయి. ఎండాకాలంలో ఆకాశం వేస్తే చారలు పడుతున్నాయి. లోపం కాగితందా, రంగులదా, ప్రెస్సుదా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మూడింటిదీ కొంత కొంత ఉంటుంది. వరసగా చూద్దాం.

చారలకు కారణం ఎండ. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర బ్రష్షు రెండో గీతకు వచ్చేలోపే మొదటిది ఆరిపోయి అంచు గట్టిపడుతుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) కాగితం వాడండి. 200 జీఎస్ఎం అయితే నీళ్లకు అలలు లేస్తుంది. కాగితాన్ని రెండు వైపులా తడిపి, బోర్డు మీద పరిచి, గమ్ టేపుతో నాలుగు అంచులూ బిగించండి. ఆకాశానికి సరిపడా రంగు ముందే, కావలసినదానికి రెండింతలు, గిన్నెలో కలుపుకోండి. మధ్యలో అయిపోయి మళ్లీ కలిపితే అదే ఛాయ రాదు. బ్రష్షు పెద్దది పట్టుకోండి. ఫ్యాను ఆపేయండి. కూలర్ గాలి సూటిగా తగిలితే సన్నటి తుంపర పడి మచ్చలవుతాయి. ఆకాశాలు, నేలలు లాంటి పెద్ద భాగాలు పొద్దున ఎనిమిది లోపు వేసుకుని, చిన్న పని మధ్యాహ్నానికి ఉంచుకోవడం మేలు.

నీళ్ల సంగతి చాలామంది పట్టించుకోరు. బోరు ఉప్పునీళ్లతో కలిపితే కొన్ని రంగులు విరిగినట్టయి రేణువులు తేలతాయి, ముదురు రంగుల మీద తెల్లటి పొర కనిపిస్తుంది. తాగడానికి తెచ్చుకునే ఫిల్టర్ నీళ్లు ఒక సీసాలో విడిగా పెట్టుకోండి.

ఇక స్కానింగ్. ఇప్పుడు ఇళ్లలో, జిరాక్స్ షాపుల్లో దొరికే పల్చటి స్కానర్లు ఎక్కువగా సీఐఎస్ రకం. కాగితం అద్దానికి అంటుకున్న చోటే వాటికి స్పష్టంగా కనబడుతుంది, వెంట్రుకవాసి లేచినా మసకబారుతుంది. కాగితాన్ని బిగించి వేయమన్నది ఇందుకు కూడా. సీసీడీ రకం స్కానర్ దొరికితే ఈ బాధ తక్కువ. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), టిఫ్ రకం ఫైలుగా తీయండి. ‘ఆటో’ అని ఉన్న సవరణలన్నీ ఆపేయండి, లేకుంటే లేత రంగులను అది కాగితపు తెలుపు అనుకుని చెరిపేస్తుంది. బొమ్మ ఏ4 కన్నా పెద్దదైతే రెండు ముక్కలుగా, మధ్యలో రెండంగుళాలు రెండింటిలోనూ వచ్చేట్టు తీసి కలపండి.

అచ్చులో రంగు చచ్చిపోవడానికి అసలు కారణం వేరే. తెర మీద రంగు వెలుగుతో వస్తుంది, కాగితం మీద నాలుగు సిరాలతో రావాలి. మెరిసే గులాబీ, నెమలికంఠం నీలం, చిలకపచ్చ, కాషాయం ఆ నాలుగు సిరాలతో పూర్తిగా రావు. ట్యూబుల్లో వచ్చే మెరుపు గులాబీ రంగులను ఏ స్కానరూ సరిగా పట్టలేదు. కాగితం ఏదో ప్రచురణకర్తను ముందే అడగండి. మాప్‌లిథో (పూత లేని మామూలు కాగితం) సిరాను పీల్చుకుంటుంది, దాని మీద రాత్రి దృశ్యాలు బురద అవుతాయి. పూత ఉన్న నున్నటి ఆర్ట్ పేపరు మీద ఆ పని కొంత తేలిక. మాప్‌లిథో అని తెలిస్తే రాత్రిని నలుపుతో నింపకండి. ముదురు నీలంతో వేసి, నీడలు ఒక మెట్టు లేతగా ఉంచండి. ఫైలును సీఎంవైకేలోకి, అంటే ఆ నాలుగు సిరాల లెక్కలోకి, మార్చేటప్పుడు ప్రెస్సు వాడే ప్రొఫైల్ (రంగుల సెట్టింగు ఫైలు) అడిగి తీసుకోండి, తెర రంగుల్లో ఉన్న ఆర్‌జీబీ మూలాన్ని మాత్రం చెరపకుండా దాచుకోండి.

ఒకటి మరిచిపోవద్దు. అక్షరాలు బొమ్మలో కలిపి వేయకండి. దుకాణం బోర్డు మీద పేరైనా సరే, విడి లేయర్‌లో ఉండాలి. పుస్తకం కన్నడంలోకో హిందీలోకో పోయినప్పుడు ప్రచురణకర్త అక్షరాలుండే నలుపు సిరా ప్లేటు ఒక్కటే మార్చి, మిగిలిన మూడు ప్లేట్లూ అలాగే వాడుకుంటారు. మాటలు కూర్చోవడానికి వదిలే ఖాళీ కూడా ధారాళంగా ఉండాలి. తెలుగుకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి వరసకు వరసకు మధ్య ఎడం ఎక్కువ కావాలి. చిన్న పిల్లల పుస్తకంలో అక్షరం మరీ చిన్నదైతే వత్తులు పోల్చుకోవడం వాళ్లకు కష్టం.

ప్రశ్న: ట్యాబ్ కొనే స్తోమత లేదు. పాత కంప్యూటర్ ఉంది. డిజిటల్‌గా వేయొచ్చా?
– ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: నిక్షేపంగా. తెర లేని పెన్ ట్యాబ్లెట్ ఒకటి చాలు. బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్ క్రితా ఉచితంగా దొరుకుతుంది. జాగ్రత్తంతా కాన్వాస్ కొలతలో ఉంది. పేజీ 216 మిల్లీమీటర్ల చదరమైతే జంట పేజీ 432 × 216. కోతలో తెల్లటి అంచు మిగలకుండా చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ కలిపితే 438 × 222. 300 డీపీఐలో అది 5173 × 2622 పిక్సెళ్లు. మొదటి గీత నుంచే ఈ కొలతలో వేయండి. చిన్నగా వేసి తరువాత పెంచితే గీతలు మసకబారతాయి. ముఖాలూ అక్షరాలూ కోత అంచు నుంచి 10 మిల్లీమీటర్లు లోపలే ఉండాలి. మధ్య మడతలో ముఖం పడనీయకండి, పర్ఫెక్ట్ బైండింగ్ (వెన్నును జిగురుతో అంటించేది) అయితే అక్కడ ఒక్కో వైపు సెంటీమీటరు దాకా మింగేస్తుంది.

ప్రశ్న: నేను డ్రాయింగ్ మాస్టర్‌ని. ఒక ప్రచురణకర్త 16 పేజీల పుస్తకానికి బొమ్మలు అడిగారు. అంతా ఫోన్‌లోనే మాట్లాడారు. ‘ముందు వేసి పంపండి, డబ్బు తరువాత చూద్దాం’ అంటున్నారు. ఎంత అడగాలి? ఏం రాయించుకోవాలి?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: కాగితం మీద సంతకం పడేదాకా ఒక్క రంగు బొమ్మా పంపకండి, మాస్టారూ. ఇందులో మొహమాటానికి చోటు లేదు, ఎందుకంటే చట్టమే అట్లా ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు డబ్బిచ్చి వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవారే మొదటి హక్కుదారు అవుతారు. అంటే మీరేమీ రాసుకోకపోతే నష్టం మీకే. హక్కు చిత్రకారుడిదేనని, ఫలానా వాడకానికి మాత్రమే ఇస్తున్నారని ఒప్పందంలో రాయించండి.

హక్కులు బదిలీ చేయాలన్నా 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగానే జరగాలి. ఎంతకాలమో రాయకపోతే అయిదేళ్లుగా, ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకుగా లెక్కిస్తారు. 57వ సెక్షన్ కింద బొమ్మ మీద మీ పేరు ఉండే హక్కు, పేరుకు మచ్చ తెచ్చేలా బొమ్మను వికృతం చేయకుండా అడ్డుకునే హక్కు మీకు ఉంటాయి. మామూలు జంకుతో చాలామంది వదిలేసేది పేరు విషయమే. రచయిత పేరు ఉన్న చోటే, అదే సైజులో, అట్ట మీద మీ పేరు ఉండాలని రాయించండి.

ఎంత అడగాలో తేల్చడానికి రోజులు లెక్కపెట్టండి. 16 పేజీల పుస్తకానికి చిన్న గడులు, డమ్మీ 5 రోజులు. పెన్సిల్ రఫ్‌లు 10. ఏడు జంట పేజీలు, రెండు విడి పేజీలు కలిపి తొమ్మిది బొమ్మలకు రెండేసి రోజుల చొప్పున 18. అట్ట 3. సవరణలు 5. మొత్తం 41 రోజులు. వాళ్లు ఇస్తామన్నదాన్ని 41తో భాగించి చూడండి. ఉదాహరణకు 40,000 రూపాయలంటే వినడానికి పెద్దదే, రోజుకు దాదాపు 976 రూపాయలు పడుతుంది. దానిలోనే కాగితం, రంగులు, స్కానింగ్ ఖర్చు. ఆ అంకె మీకు సమ్మతమో కాదో మీరే తేల్చుకోవాలి.

రాయల్టీ మాట వస్తే లెక్క ఇట్లా వేయండి. పుస్తకం వెల 60 రూపాయలు, మీ వాటా 5 శాతం అయితే కాపీకి 3 రూపాయలు. 2,000 కాపీలు అమ్ముడైతే 6,000. అది చేతికి రావడానికి ఏళ్లు పట్టొచ్చు. కాబట్టి ఒట్టి రాయల్టీకి ఒప్పుకోకండి. పనికి తగిన సొమ్ము ముందుగా తీసుకుని, మరుముద్రణల మీద రాయల్టీ అడగడం న్యాయం. ఇతర భాషలకు, బొమ్మలు వాడే సంచులూ క్యాలెండర్లకు విడిగా సొమ్ము అని రాయించండి.

చెల్లింపు మూడు విడతలుగా పెట్టుకోండి: సంతకం రోజున 30 శాతం, రఫ్‌లు ఆమోదించాక 40, చివరి ఫైళ్లు అందాక 30. ‘పుస్తకం విడుదలయ్యాక’ అనే మాట ఎక్కడా ఉండకూడదు, విడుదల మీ చేతిలో లేదు. రఫ్ దశలో రెండు సవరణలు, రంగు దశలో ఒకటి, అంతకు మించితే అదనపు రుసుము. మధ్యలో పుస్తకం ఆపేస్తే అప్పటిదాకా చేసిన పనికి డబ్బు ఇవ్వాలి. అసలు బొమ్మలు మీకే తిరిగి రావాలి. సాధారణంగా 10 శాతం టీడీఎస్, అంటే ముందే కోసే ఆదాయపన్ను, పట్టుకుని ఇస్తారు. అది పోయిన సొమ్మేమీ కాదు. పాన్ ఇచ్చి, ఆదాయపన్ను శాఖ దగ్గర మీ పేరు మీద పడిందో లేదో చూసుకుని, రిటర్న్ వేస్తే పన్ను బాకీ లేనివాళ్లకు తిరిగి వస్తుంది.

‘ఇవన్నీ అడిగితే పని పోతుందేమో’ అని భయపడకండి. నికరమైన ప్రచురణకర్తల దగ్గర ఒప్పందం కాగితం ముందే సిద్ధంగా ఉంటుంది.

ప్రశ్న: మాది ధర్మవరం దగ్గర తోలుబొమ్మలు చేసే ఇల్లు. ఇప్పుడు లాంప్‌షేడ్లు, గోడ బొమ్మలు అమ్ముతున్నాం. ఈ పనితో పిల్లల పుస్తకం చేయొచ్చా?
– ఒక యువ కళాకారుడు

జవాబు: చేయొచ్చు నాయనా, చాలా బాగా చేయొచ్చు. నిమ్మలకుంట దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిన విద్య ఇది. పుస్తకానికి మాత్రం కొన్ని మార్చుకోవాలి.

ఆటకు చేసే నిలువెత్తు బొమ్మను పేజీకి తగ్గిస్తే చెక్కుడు పనంతా మాయమవుతుంది. అయిదడుగుల బొమ్మ ఎనిమిది అంగుళాలకు తగ్గితే 3 మిల్లీమీటర్ల చిల్లు అర మిల్లీమీటరు కూడా ఉండదు, సిరా దాన్ని పూడ్చేస్తుంది. పుస్తకం కోసం 14 అంగుళాల బొమ్మలు విడిగా చేయండి, చిల్లులు తక్కువగా, 2 మిల్లీమీటర్లకు తగ్గకుండా కొట్టండి. సగానికి తగ్గించినా అవి నిలుస్తాయి.

స్కానర్ మీద పెడితే తోలు గోధుమరంగులో మొద్దుగా వస్తుంది, ఎందుకంటే దాని అందం వెనక వెలుతురులో ఉంది. పాల రంగు యాక్రిలిక్ షీటు వెనక తెల్లటి ఎల్ఈడీ ప్యానెల్ పెట్టి, గది చీకటి చేసి, కెమెరాను స్టాండు మీద బిగించి ఎదురుగా తీయండి. వెలుతురు షీటు అంతటా సమంగా ఉందో లేదో బొమ్మ పెట్టకముందు ఒక ఫోటో తీసి చూసుకోండి.

పక్క ముఖాల్లో నవ్వూ భయమూ చూపడం కష్టం. ఒక్కో పాత్రకు మూడు తలలు చేసి దారంతో మార్చి కట్టండి. మిగతాది భుజాలు, మోచేతుల దగ్గర ఉన్న కీళ్లే చెబుతాయి. నిజానికి ఇక్కడ మీకు ఇతర చిత్రకారులకు లేని సౌలభ్యం ఉంది: ఒకసారి చేసిన పాత్ర పుస్తకమంతా అదే పోలికతో ఉంటుంది. వెనక దృశ్యాన్ని నింపకండి. ఒక్క రంగు, ఒక కొండ గీత చాలు. ఒప్పందంలో మీ ఇంట్లో పని చేసిన అందరి పేర్లూ రాయించండి, అమ్మ చెక్కితే అమ్మ పేరు కూడా.

ప్రశ్న: బొమ్మలు ఎవరికి పంపాలి? ఎట్లా పంపాలి?
– కడప, నంద్యాల, తాడిపత్రి నుంచి పలువురు

జవాబు: సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం తెలుగులో పిల్లల పుస్తకాలకే అంకితమైన సంస్థ, అమెరికాలోని తెలుగువారి సంఘం తానాతో కలిసి బొమ్మల కథల పోటీలూ నిర్వహించింది. చెన్నైలో 1996 నుంచి ఉన్న తులికా తెలుగుతో సహా తొమ్మిది భాషల్లో వేస్తుంది. అక్కడే తారా బుక్స్ జానపద చిత్రకారులతో పని చేస్తుంది, తోలుబొమ్మల అబ్బాయి ముందు అటు చూడాలి. బెంగళూరులో ప్రథమ్ బుక్స్, ఢిల్లీలో నేషనల్ బుక్ ట్రస్ట్ ఉన్నాయి. ప్రథమ్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు బొమ్మల పుస్తకాలు ఉచితంగా చదవొచ్చు. ఎవరికైనా పంపే ముందు అక్కడ యాభై పుస్తకాలు చూడండి, మాటలు చేత్తో మూసి బొమ్మలతోనే కథ అర్థమవుతుందేమో పరీక్షించండి. అయితే అక్కడి పుస్తకాలు బహిరంగ లైసెన్సుతో వస్తాయి. దాని కింద ఒకసారి ఇచ్చిన బొమ్మను పేరు చెప్పి ఎవరైనా, వ్యాపారానికైనా, వాడుకోవచ్చు. వెనక్కి తీసుకోలేరు. అది తెలిసే ఒప్పుకోండి, సొమ్ము మాట్లాడేటప్పుడు గుర్తుపెట్టుకోండి.

పంపేది 12 నుంచి 15 బొమ్మలు, ఒకే పీడీఎఫ్, 5 ఎంబీ లోపు. వాటిలో ఒకే పాత్ర ఉన్న మూడు వరస దృశ్యాలు తప్పనిసరి. ఎడిటర్ మొదట వెతికేది అవే. పిల్లలు ఆడుకుంటున్నది, ఇంటి లోపలిది, రాత్రిది, జంతువులున్నది, నలుపు తెలుపుది ఒక్కొక్కటి ఉండాలి. దేవుళ్ల బొమ్మలు, నటుల పోలికలు, ఇతరుల కార్టూన్ పాత్రలు తీసేయండి. ఎంత బాగా ఉన్నా ఇక్కడ పనికిరావు.

ఎక్కడో చూసిన మంచు కొండలు, పెంకుటిళ్లు వేయకండి. కడప బండలు నిలువుగా పాతిన దొడ్డి గోడ, మిద్దె మీద గవాక్షం, ఎర్రనేల శనక్కాయ చేను, నల్లరేగడి పగుళ్లు, సంగటి ముద్ద పక్కన ఊరిబిండి. ఇవి మీకు చూడకుండా వేసేంత బాగా తెలుసు. ఢిల్లీలో కూర్చున్న ఎడిటర్‌కు ఇవి కొత్త.

మెయిల్‌లో అయిదు వాక్యాలు చాలు: పేరు, ఊరు, ఏ పద్ధతిలో వేస్తారు, వాళ్ల పుస్తకాల్లో ఏది చూసి రాస్తున్నారు, నెలకు ఎంత సమయం ఇవ్వగలరు. ఆరు వారాలు ఆగి ఒకసారి గుర్తుచేయండి. జవాబు రాకపోతే ఆరు నెలల తరువాత కొత్త బొమ్మలు నాలుగైనా చేర్చి మళ్లీ పంపండి. పాత పీడీఎఫ్‌నే తిరిగి పంపితే ఎవరూ తెరవరు.